దొంగచుక్క

నిన్న రాత్రి గడపలో నిలబడి ఆడపడుచు అన్న మాట చుక్కలమ్మ చెవుల్లో ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉంది.

"వదినా, ఆ చుక్క మీద మరీ ఆశ పెట్టుకోకు."

అంతే. అనేసి తన గదిలోకి పోయి తలుపేసుకుంది ఆ పిల్ల. ఎందుకలా అందో చెప్పలేదు.

ఆ చుక్క మామూలు చుక్క కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఒక నక్షత్రం పక్కన, దాని వెలుగులో మునిగిపోయి, ఇంతకాలం ఎవరి కంటా పడకుండా దాక్కున్న చుక్క. నిజమైతే అదొక గ్రహం. అబ్జర్వేటరీలో ఫొటోలు శుభ్రం చేసే గదిలో కూర్చుని దాన్ని బయటికి లాగింది చుక్కలమ్మే. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా దాని అవసరం రాదు.

ఈ పొద్దున మూత తీస్తారు. మధ్యాహ్నం విలేకరులొస్తారు. మధ్యలో ఏమవుతుందో చుక్కలమ్మకి తెలీదు.

మూత సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ అబ్జర్వేటరీలో ఒక పద్ధతి ఉంది. టెలిస్కోపు తీసిన ఫొటోలు చుక్కలమ్మ చేతికి రాకముందే ఒకరు వాటిలోకి ఒక అబద్ధపు గ్రహాన్ని కలిపేస్తారు. దాని పేరు దొంగచుక్క. వెతికేవాళ్ళు నిజంగా వెతుకుతున్నారో, కనబడితే బాగుండునని కోరుకున్నదే కనబడిందని మురిసిపోతున్నారో తేల్చడానికి ఆ ఏర్పాటు. ఎక్కడ పెట్టిందీ పెట్టినవాళ్ళు నోరు విప్పకూడదు. ప్రకటించేముందు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి కంప్యూటరు మీట నొక్కుతారు. దొంగ ఎక్కడుంటే అక్కడ తెర మీద ఎర్ర గుండ్రం పడుతుంది. అదే మూత తీయడం. మీ చుక్క చుట్టూ గుండ్రం పడిందా, మీరు పట్టుకున్నది అబద్ధం. మూటా ముల్లే సర్దుకుని మళ్ళీ మొదటికి రావాలి.

దొంగల్ని పెట్టే ఉద్యోగం ఆడపడుచుది.

* * *

"ఏమిటర్రా మీ ఇద్దరికీ? ఒకే బల్ల దగ్గర కూర్చుని చెరో గోడా చూస్తున్నారు" అంది అత్తగారు, టీ కప్పులు పెడుతూ.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే రొట్టె మీద వెన్న రాసి, దాని మీద మళ్ళీ వెన్న రాస్తావేం?"

చుక్కలమ్మ చేతిలోకి చూసుకుంది. నిజమే.

ఆమె మొగుడికి కళ్ళద్దాల షాపు ఉంది. ప్రపంచంలోని సమస్యలన్నీ అద్దం మారిస్తే పోతాయని అతని గట్టి నమ్మకం. "షాపుకి కొత్త సరుకొచ్చింది. ఇద్దరికీ చెరో జత తెస్తాను. ఒకళ్ళకొకళ్ళు కనబడతారేమో" అన్నాడు.

"అన్నయ్యా, పొద్దున్నే మొదలెట్టకు" అంది ఆడపడుచు. మొహం పీక్కుపోయి ఉంది. నిద్రపోయినట్టు లేదు.

అత్తగారు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి నిట్టూర్చింది. "ఆకాశంలో గొడవలు ఆకాశంలోనే వదిలేసి రమ్మని ఎన్నిసార్లు చెప్పాను! ఇంట్లో పడెయ్యడానికి మనవి మనకి చాలవూ?"

రోజూ లాగే ఇద్దరూ ఒకే స్కూటరెక్కారు. ఆడపడుచు నడుపుతుంది, వదిన వెనక కూర్చుంటుంది. కొండ మలుపులు మొదలయ్యేదాకా చుక్కలమ్మ ఓర్చుకుంది. తరవాత ఆమె వల్ల కాలేదు.

"ఒక్క మాట చెప్పవే. నా చుక్క నీ దొంగేనా?"

"చెప్పకూడదు వదినా. పద్ధతి."

"నాకా చెప్తున్నావు పద్ధతులు? మీ అన్నయ్య నా పుట్టినరోజుకి ఏం కొన్నాడో ముందురోజే నా చెవిలో ఊదేసేదానివి!"

"అది అన్నయ్య గుట్టు. ఇది పదిమంది గుట్టు."

"మరి నిన్న గడపలో నిలబడి అన్నదేమిటి? అది పద్ధతేనా?"

స్కూటరు కొంచెం తడబడింది. ఆడపడుచు వెనక్కి తిరగలేదు. "అనకూడనిదే అన్నాను. ఇవాళ నలుగురిలో నీ మొహం ఎలా అయిపోతుందోనని ఆగలేకపోయాను. ఇంక నన్నేం అడక్కు, దండం పెడతాను."

"దండం తరవాత, ముందు హ్యాండిల్ పట్టుకో!"

చుక్కలమ్మ మనసులో లెక్క తేలిపోయింది. మొహం ఎలా అయిపోతుందో అందంటే ఇంకేముంది? చుక్క దొంగదే.

విచిత్రమేమిటంటే, ఆ లెక్క తేలాక కూడా కొండ మీది తెల్లటి గుమ్మటం కనబడగానే ఆమెకి రోజూ కలిగే సంతోషం కలిగింది. అది ఆమె చేతిలో లేని పని. ఆ గుమ్మటం కింద కూర్చుని నక్షత్రాల మొహం తుడిచే పనికి జీతం కూడా ఇస్తున్నారన్న సంగతి ఆమెకి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

* * *

సమావేశపు గదిలో అందరూ ముందే చేరిపోయారు. కిటికీలకి తెరలు దించేశారు. పెద్ద తెర మీద చుక్కలమ్మ ఫొటో. నడుమ నక్షత్రం ఉండాల్సిన చోట నల్లటి బిళ్ళ, దాని వెలుగు కళ్ళలో కొట్టకుండా అడ్డం పెట్టినది. చుట్టూ కాఫీ పొడి జల్లినట్టు మచ్చలు. కింద కుడివైపున, ఆ మచ్చల్లో కలవకుండా, ఒద్దికగా ఒక చుక్క.

ముందు వరసలో పెద్దాయన కూర్చున్నాడు. అబ్జర్వేటరీకి ఆయనే అధికారి. ఎవరైనా గొప్ప విషయం కనిపెట్టామని పరుగెత్తుకొస్తే "ముందు నీళ్ళు తాగు" అనే మనిషి.

"కానీ అమ్మాయ్" అన్నాడు ఆడపడుచుతో.

ఆ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంది. చుక్కలమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. మీట చప్పుడు వినబడింది.

ఎర్ర గుండ్రం పడింది.

పైన. ఎడమవైపు. చుక్కలమ్మ చుక్కకి ఆమడ దూరాన, ఉత్త ఖాళీలో.

ఆ తరవాత గోల. ఎవరో బల్ల మీద దరువేశారు. ఎవరో చుక్కలమ్మ భుజాలు పట్టుకుని ఊపేశారు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీడం లేదు. చుక్క దొంగది కాదు! ఆ పిల్ల అనవసరంగా ఇంత భయపెట్టింది! ఇంటికెళ్ళాక చెవి మెలిపెట్టాలి!

"ఆగండి" అంది ఆడపడుచు.

ఎవరూ వినలేదు.

"ఆగండి సార్!" కుర్చీలోంచి లేచింది. ఆ మొహంలో సంతోషం మచ్చుకైనా లేదు. "గుండ్రం ఎక్కడుందో చూశారు. మరి దాని లోపల ఏముందో చూశారా?"

అందరూ చూశారు. లోపల ఏమీ లేదు. గోటితో గీసినట్టు పల్చటి వంపు మరక ఒకటి, అంతే.

"అక్కడ నేనొక దొంగని పెట్టాను. చిన్నాచితకాది కాదు. అద్దాలు తీసేసినా మా అన్నయ్యకి కనబడేంత వెలుగుతో పెట్టాను. వదిన దాన్ని పట్టుకోలేదు." తెర మీద చుక్కలమ్మ చుక్కని చూపించింది. "అంత పెద్ద దొంగని పట్టుకోలేని లెక్క, ఇంత చిన్న గ్రహాన్ని ఎలా పట్టుకుంటుంది సార్?"

గోల చప్పున చల్లారింది.

చుక్కలమ్మకి ఇప్పుడర్థమైంది. చుక్క దొంగది కాదని ఈ పిల్లకి మొదట్నించీ తెలుసు. అందుకే భయపడింది. దొంగ దొరకలేదంటే వదిన లెక్కలోనే ఎక్కడో తిరకాసు ఉంది. లెక్కలో తిరకాసుంటే చుక్క గ్రహమూ కాదు, దొంగా కాదు, ఉత్త చెత్త. దొంగని పట్టుకుని ఓడిపోవడం కంటే అది పెద్ద పరువు తక్కువ.

"నా లెక్కలో తప్పు లేదు" అంది చుక్కలమ్మ.

"వదినా..."

"ఇక్కడ వదినా లేదు, ఆడపడుచూ లేదు. తప్పెక్కడో చూపించు."

ఆడపడుచు గడ్డం పైకెత్తింది. ఇంట్లో ఆఖరి రొట్టె ముక్క కోసం పోట్లాడేటప్పుడు కూడా అది అలాగే ఎత్తుతుంది. "తిప్పడంలో ఉంది."

అది వినగానే పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ పనిలో ప్రాణమంతా ఉన్నది తిప్పడంలోనే. టెలిస్కోపు ఒక నక్షత్రాన్ని పట్టుకుని గంటల తరబడి ఫొటోలు తీస్తూ ఉంటే, ఆ నక్షత్రం చుట్టూ ఉన్న ఆకాశం కెమెరాలో మెల్లగా తిరుగుతుంది. గ్రహం ఉంటే అదీ ఆకాశంతోబాటు తిరుగుతుంది. అద్దాల మీది మచ్చలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అందుకని ఒక్కొక్క ఫొటోనీ ఎంత తిరిగిందో అంత వెనక్కి తిప్పి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు మచ్చలు చెదిరిపోతాయి, గ్రహం చుక్కలా నిలబడుతుంది. పొరపాటున ఎదురువైపు తిప్పితే నిజమైన గ్రహమే చెదిరిపోయి మరకవుతుంది.

గోటితో గీసినట్టుండే వంపు మరక.

"ఆకాశం మన కెమెరాలో ఎడమకి తిరుగుతుంది. నేను దొంగని ఎడమకి తిప్పుకుంటూ పెట్టాను" అంది ఆడపడుచు.

"కుడికి తిరుగుతుంది. నేను కుడికే లెక్కేశాను" అంది చుక్కలమ్మ.

"ఎడమకి వదినా. మొదట్నించీ ఎడమకే."

"కుడికే!"

"బాగుంది" అన్నాడు పెద్దాయన. "మీ ఇద్దరిలో ఒకళ్ళు ఆకాశాన్ని తలకిందులుగా తిప్పారు. అది ఎవరో మధ్యాహ్నంలోగా తెలిస్తే విలేకరులకి టీ ఇచ్చి పంపాలో, వార్త ఇచ్చి పంపాలో నేను తేల్చుకుంటాను."

చుక్కలమ్మ కుడి అని గట్టిగా అనేసింది కానీ, కుడి ఎడమల దగ్గర మనిషికి ఒక్కసారి అనుమానం మొదలైతే తన చెయ్యి తనదేనా అన్నంతదాకా పోతుంది. ఆడపడుచుది తప్పయితే చుక్క బతుకుతుంది. తనదే తప్పయితే... ఇన్నాళ్ళూ తుడిచిన మొహం నక్షత్రానిది కాదు, అద్దం మీది దుమ్ముది.

దారి ఆమెకే తట్టింది.

"జంట నక్షత్రం! అదే పూట, అదే కెమెరాతో, మనం దీనికి ముందు ఒక జంట నక్షత్రాన్ని తీశాం. పక్కన బుజ్జిది ఉంటుంది చూడు, అందులో దాగుడుమూతలేం లేవు, కంటికే కనబడుతుంది. దాన్ని తిప్పకుండా, తుడవకుండా, తీసింది తీసినట్టు తెర మీద వెయ్యి. మొదటి ఫొటో, ఆఖరి ఫొటో."

"వేస్తాను. ఎడమకి వెళ్తే నన్నేమీ అనకూడదు."

"కుడికి వెళ్తే వారం రోజులు అంట్లు నువ్వే తోమాలి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడపడుచు మొదటి ఫొటో వేసింది. పెద్ద నక్షత్రం నడుమ, బుజ్జిది సరిగ్గా దాని నెత్తిమీద. తరవాత ఆఖరిది వేసింది.

బుజ్జి నక్షత్రం కుడికి జరిగి, పెద్దదాని భుజం పక్కన కూర్చుని ఉంది.

చుక్కలమ్మ కళ్ళు మూసుకుని గోడకి తల ఆనించింది. హమ్మయ్య.

"ఇదెలా కుదురుతుంది?" ఆడపడుచు తెరకి దగ్గరగా వెళ్ళి తల వాల్చి చూసింది, తను వాలితే నక్షత్రం మాట మారుస్తుందేమోనన్నట్టు. "ఎప్పుడూ ఎడమకే కదా వెళ్ళేది. కెమెరా అదే, టెలిస్కోపు అదే. మధ్యలో మారిందేముంది, ఒక్క అద్దం..."

ఆగిపోయింది. చెయ్యి మెల్లగా పైకెళ్ళి నోటికి అడ్డం పడింది.

"అద్దం" అంది వేళ్ళ సందుల్లోంచి.

కెమెరా ముందు కొత్త అద్దం ఒకటి పెట్టారు ఈ మధ్యనే. అద్దంలో చూసుకుంటే కుడి చెయ్యి ఎడమవుతుంది. ఆకాశమైనా అంతే.

"ఆ అద్దం దగ్గరుండి పెట్టించిందెవరు?" అడిగాడు పెద్దాయన, ఏమీ ఎరగనట్టు.

"నేనే సార్."

"కుడి ఎడమలు మారిపోయాయి, నీ లెక్క మార్చుకో వదినా అని నాకు ఫోను చేసి మరీ చెప్పిందెవరే?" అంది చుక్కలమ్మ.

"నేనే."

"నాకు చెప్పి, నువ్వు మర్చిపోయావా!"

"అందరికీ చెప్పాను వదినా. క్యాంటీనులో కూడా చెప్పాను. నాకే ఎవరూ చెప్పలేదు."

ఈసారి గది గదంతా పగలబడి నవ్వింది. ఆడపడుచు సిగ్గుతో ఎర్రబడి, అంతలోనే తనూ నవ్వేసి, వచ్చి వదిన మెడ చుట్టూ చేతులేసింది. "వారం కాదు, రెండు వారాలు తోముతాను. నిన్న రాత్రంతా నీ గురించే ఏడ్చాను, తెలుసా?"

"తెలుసులే. దిండు తడిపి కుర్చీ మీద ఆరేశావుగా, మీ అమ్మ చూడదనుకున్నావా?" చుక్కలమ్మ దాని చెవి పట్టుకుంది కానీ మెలిపెట్టలేదు. ఇంతకంటే సంతోషమైన పొద్దు తన జీవితంలో ఎప్పుడొచ్చిందో ఆమెకి గుర్తు రాలేదు.

"ముద్దుముచ్చట్లు ఇంటికెళ్ళాక" అన్నాడు పెద్దాయన. "ముందు ఆ దొంగని శుభ్రంగా బయటికి గెంటి, మళ్ళీ పేర్చండి. విలేకరులకి మరకలున్న ఫొటో చూపిస్తామా?"

ఆడపడుచు తను పెట్టిన దొంగని ఒక్కొక్క ఫొటోలోంచీ తీసేసింది. చుక్కలమ్మ మళ్ళీ కుడికి లెక్కేసి పేర్చింది. వంపు మరక చెరిగిపోయింది.

అది చెరిగిన చోట, ఇంతసేపూ దాని కింద నలిగిపోయి ఉన్నది బయటపడింది.

ఇంకో చుక్క.

"ఇదేమిటే?" అంది చుక్కలమ్మ. "రెండు పెట్టావా?"

"ఒట్టు వదినా, ఒక్కటే పెట్టాను! నీ మీదొట్టు!"

పైన ఎడమవైపు కొత్త చుక్క. కింద కుడివైపు పాత చుక్క. ఒక నక్షత్రం, రెండు గ్రహాలు? గదిలో మళ్ళీ గుసగుసలు లేచాయి.

పెద్దాయన మాత్రం లేచి వెళ్ళి తలుపు గడియ వేసొచ్చాడు.

"అందరూ కూర్చోండి. నేనూ ఒక మాట చెప్పాలి. ఈ పిల్ల మూత పూర్తిగా తీసేదాకా చెప్పకూడదని ఇంతసేపూ బిగబట్టుకున్నాను." ఆయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. పెట్టేది ఒకళ్ళు, వెతికేది ఒకళ్ళు. నాకు మీ మీద అనుమానం లేదు. కానీ రేపు పైనుంచి ఎవడో వేలెత్తి చూపిస్తాడు, ఇద్దరూ ఇంట్లో కూడబలుక్కున్నారని. ఆ మాట రాకూడదని, మీ ఇద్దరికీ తెలీకుండా నా చేత్తో నేనొక దొంగని పెట్టాను. కుడి ఎడమలు సరిగ్గా చూసుకునే పెట్టాను."

"అంటే..." అంది ఆడపడుచు.

"అంటే ఆ రెండింటిలో ఒకటి నాది. ఒకటి దేవుడిది. ఏది నాదంటే..."

"చెప్పకండి!"

అందరూ చుక్కలమ్మ వంక తిరిగారు. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలీదు.

"చెప్పకండి సార్. మొదటి దొంగని పట్టుకునే అవకాశం ఈ పిల్ల నాకు ఇవ్వలేదు. దీన్ని నేనే పట్టుకుంటాను. రెండో రంగు ఫొటోలు ఉన్నాయి కదా."

పెద్దాయన మొహం విప్పారింది. ప్రతి నక్షత్రాన్నీ రెండు రంగుల అద్దాల్లోంచి తీస్తారు అక్కడ. దొంగల్ని పెట్టేది మొదటి రంగులోనే. రెండోది మూత తీసేదాకా ఎవరూ ముట్టకుండా తాళంలో ఉంటుంది. నిజమైన గ్రహం రెండు రంగుల్లోనూ కనబడుతుంది. దొంగ కనబడడు.

"కానివ్వు" అన్నాడాయన, తాళం తెరిచి.

కిటికీ తెర పక్కకి జరిపి చూసినవాళ్ళెవరో, గేటు దగ్గర విలేకరుల వ్యాను ఆగిందన్నారు. చుక్కలమ్మ తల తిప్పలేదు. అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుని వేళ్ళు ఆడిస్తోంది. ఆడపడుచు కుర్చీ లాక్కుని పక్కన చేరింది.

"వదినా" అంది నెమ్మదిగా. "ఆయన పెట్టింది నీ చుక్కే అయితే?"

"అయితే దాన్ని కనిపెట్టిందీ నేనే, పట్టించిందీ నేనే. ఆ ముచ్చట ఎవరికి దొరుకుతుందే?" అంది చుక్కలమ్మ. అని, ఆడపడుచు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కంప్యూటరు రెండో రంగు ఫొటోని పైనుంచి కిందికి, ఒక్కొక్క పట్టీగా గీయడం మొదలుపెట్టింది. ముందు నల్లటి అంచు వచ్చింది. తరవాత కాఫీ పొడి మచ్చలు. తరవాత పైభాగం, ఎడమవైపు.

కొత్త చుక్క అక్కడే ఉంది. నిక్షేపంలా మెరుస్తోంది.

అది దేవుడిదే.

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొత్తది నిజమైతే పాతది ఏమిటో అందరికీ అర్థమైంది. చుక్కలమ్మ పెద్దాయన వంక చూసింది. ఆయన ఆమె వంక చూడటం లేదు. నుదురు ముడేసి, తుడిచిన అద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఆ కొత్త చుక్కకేసే చూస్తున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు చుక్కలమ్మతో, ఆ చుక్కని వేలితో చూపించి. "నేను దొంగని పెట్టింది అక్కడే. అక్కడ నిజంగానే ఒకటుందని నాకు తెలీదు, నీ చుక్క మాత్రం నేను పెట్టింది కాదు."

తెర మీద ఫొటో ఇంకా కిందికి దిగుతోంది.